అప్పకి సూదిమందు, నాకు కత్తి

వరహాలమ్మ మీద కాసులమ్మకున్న కడుపుమంటతో రెండు పూటలా వంట చేసుకోవచ్చని పెదజాలరిపేటలో ఒక మాట ఉండేది. ఇద్దరూ తోడికోడళ్ళు. వరహాలమ్మ పెద్దామె, కాసులమ్మ చిన్నామె. పెద్దామెని 'అప్పా' అని, అంటే అక్కా అని, పిలిచేది. ఒకే వేసంగిలో అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే వాకిట్లో కుడికాలు పెట్టారు. హారతి పళ్ళెం పెద్దకోడలి ముందు అత్తగారు రెండుసార్లు ఎక్కువ తిప్పిందని కాసులమ్మ నమ్మకం. అత్తగారు పోయి పదేళ్ళు దాటినా ఆ రెండు చుట్లూ ఆమె మర్చిపోలేదు.

వరహాలమ్మ ఇంట్లో సీలింగు ఫ్యాను తిరిగితే, నెల తిరక్కుండా కాసులమ్మ ఇంటికి స్టాండు ఫ్యాను రావలసిందే. వరహాలమ్మ కొడుకు మరబోటు నడిపే పనిలో కుదిరాడని తెలిసిన రోజున, తన కొడుక్కి స్టీలుప్లాంటు కాంట్రాక్టు పనైనా చూడమని మొగుడు పైడయ్యని పీక్కుతింది. ఆ పని దొరికేదాకా పైడయ్యకి చేపల పులుసులో తల ముక్కే పడింది. తెల్లారితే ఇద్దరాడవాళ్ళూ హార్బరుకెళ్ళి వేలంలో చేపలు పాడుకునేవారు. ఒకే ఆటోలో గంపలు వేసుకుని కంచరపాలెం వెళ్ళి, సందు మొదట్లో ఎదురెదురుగా కూర్చుని అమ్ముకునేవారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే వరస. వరహాలమ్మ గంప ముందుగా ఖాళీ అయిన రోజున కాసులమ్మ గంపలోని కానాగంత చేపలు బాగానే ఉండేవి గానీ, ఆమె మొహం మాత్రం మూడు రోజులు ఎండలో పెట్టినట్టుండేది. అయినా చెప్పొద్దూ, ఒకరి గంప ఎక్కకుండా రెండోవాళ్ళు ఆటోని కదలనిచ్చేవారు కాదు.

ఇద్దరికీ ఒకే అలవాటు ఉండేది, అడ్డపొగ. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. కొత్తవాళ్ళు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ఆ తీరాన పుట్టిన ఆడవాళ్ళకి అదేమీ వింత కాదు. నిప్పు లోపలుంటే సముద్రపు గాలికి ఆరిపోదు, నుసి చేపల మీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఇద్దరికీ అత్తగారే నేర్పింది. ఆ వేడికి అంగిలి కాయకాసిపోతుందని అందరికీ తెలుసు. కాయ కాసిన అరచేతికి ఎవరు మందు రాస్తారు? అంగిలీ అంతే అనుకున్నారు.

అంతే కాదని పోయిన ఆషాఢంలో తెలిసింది. సామాజిక భవనంలో నోటి పరీక్షల శిబిరం పెట్టారు. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ చిన్న లైటు వేసి కాసులమ్మ నోట్లోకి చూసి, తెల్లటి మచ్చ మధ్యలో ఎర్రటి చుక్క ఉందని రాసుకుంది. వరహాలమ్మ నోట్లో ఏడాదిగా మానని పుండుంది. ఒంటి వేడని చెప్పి ఆమె మజ్జిగ తాగుతూ గడిపింది. ఇద్దరినీ పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఇద్దరి అంగిట్లోంచీ గోరంత ముక్క తీసి పరీక్షకి పెట్టారు. పది రోజుల తర్వాత ఇద్దరికీ క్యాన్సరేనన్నారు.

కాసులమ్మ రెండు రోజులు ఏడ్చింది. చుట్టల కట్ట తీసుకెళ్ళి సముద్రంలో పడేసింది. మూడో రోజున ఎవరికి ఏ వైద్యమో తెలిసింది. ఏడుపు ఆగిపోయి కడుపులో మంట రేగింది.

ఆమెకి ఆపరేషనన్నారు. అంగిట్లో కొంతమేర కోసేసి, కట్టుడుపళ్ళ సెట్టులాంటి ప్లేటు బిగిస్తారట. మూడు వారాల్లో చేయించుకోవాలి. వరహాలమ్మకి కోత లేదు. కొత్తగా పరిశోధన చేస్తున్న సూదిమందట. మూడు వారాలకొకసారి చేతి నరంలోకి ఎక్కిస్తారు, దాంతోపాటు చిన్న మాత్రలిస్తారు. పేరు రాసిన పచ్చ కార్డు ఇచ్చారు. హిమబిందు అని ఆ పరిశోధన పనులు చూసే అమ్మాయి మూడు రోజులకోసారి ఫోను చేసి, "అమ్మమ్మా, అన్నం తింటున్నావా? జ్వరం గానీ వచ్చిందా?" అని అడుగుతుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున బండి పేటలోకే వస్తుంది.

బండి హారను మోగిందంటే చాలు, కాసులమ్మకి గుండెల్లో ముల్లు దిగేది.

పైగా వరహాలమ్మ ఊరుకునే మనిషా? అరుగు మీద చేరగిలబడి, పేటంతా వినేలా చెప్పేది. "ఇది అందరికీ ఇచ్చే మందు కాదమ్మా. నా ముక్క సూసి, ఇది పనికొస్తాదని ఎంచుకున్నారు."

"అదెలా పని సేత్తాదేటప్పా?" అని అడిగింది కాసులమ్మ. ఎంత మంటున్నా ఏ సంగతైనా తెలుసుకోకుండా ఉండలేదు.

"హార్బరు గేటు దగ్గర కాపలావోళ్ళుంటారు కదే? అలాగే మనొంట్లోనూ ఉంటారట. ఈ జబ్బుంది సూడు, దొంగముండ, గేటుపాసు సూపించి 'నాను మీవోళ్ళమ్మాయినే' అని లోపలికొచ్చేత్తాది. కాపలావోళ్ళు సలాం కొట్టి ఎల్లనిత్తారు. ఈ మందు ఆ పాసు ఆళ్ళ కంట పడకుండా అడ్డం పడతాది. అప్పుడింక మనోళ్ళే దాన్ని పట్టుకుని తంతారు."

"మరి మొత్తం మందు ఎక్కించెయ్యొచ్చు కదా ఒక్కసారే?"

"అదే పరిసోదన! అసలు మోతాదు పెద్దది, ఖరీదు కొండంతుంటాది. అందులో కాసింత ఇచ్చినా పని సేత్తాదా అని సూత్తన్నారు. పని సేత్తే మనలాంటోళ్ళందరికీ అందుతాదట. నా మీదే సూత్తన్నారు మరి!"

ఆ 'నా మీదే' అన్న మాట కాసులమ్మని వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

నేరుగా డాక్టరు గుణశేఖర్ గదికి వెళ్ళి కూర్చుంది. "బాబూ, నాకూ ఆ సూదే ఎయ్యండి. మా అప్పదీ నాదీ ఒకటే ఇల్లు, ఒకటే సుట్ట. మా అత్త ఒక్క కట్ట కొని ఇద్దరికీ పంచేది."

డాక్టరు నవ్వాడు. "నీకు అది అక్కర్లేదమ్మా. నీది చిన్నది. కోసేస్తే సరిపోతుంది."

అక్కడే వచ్చింది చిక్కు. డాక్టరు చల్లటి కబురు చెప్పాననుకున్నాడు. కాసులమ్మ చెవికి మాత్రం అది ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్న పాటే అయింది. చిన్నకోడలు, వెనకింటి వాటా, హారతిలో రెండు చుట్లు తక్కువ. ఆఖరికి జబ్బులోనూ పెద్దది అప్పకీ, చిన్నది తనకీనా!

ఇంటికొచ్చి ఆలోచించింది. చిన్నది కాబట్టి కత్తి, పెద్దదైతే సూది. అలాంటప్పుడు పెద్దది చేసుకుంటే పోలా?

వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ ఆమెకి రాలేదు. బాకీ వసూలుకి బయల్దేరినదానిలా తిన్నగా కొట్టుకెళ్ళి చుట్టల కట్ట కొనుక్కుంది. మానేసి నెలైనా కాలేదు, మొదటి చుట్టకే అంగిలి భగ్గుమంది. కళ్ళనీళ్ళు కారుతున్నా పీల్చింది. ఆపరేషనుకి ఇచ్చిన మొదటి తారీకున సింహాచలం మొక్కుందని వెళ్ళలేదు. రెండో తారీకున దగ్గు వచ్చిందని కబురు పంపింది. రోజుకి నాలుగు చుట్టలు కాస్తా ఎనిమిదయ్యాయి. ఎండుచేపల పందిళ్ళ వెనక్కి వెళ్ళి కాల్చేది. అడ్డపొగకి నిప్పు బయటికి కనబడదు కాబట్టి, దూరం నించి చూసేవాళ్ళకి ఎవరో ఆడమనిషి నోరు మూసుకుని సముద్రం చూస్తున్నట్టే ఉండేది.

రోజూ పొద్దున్న పైడయ్య ఫోను లైటు వేసుకుని, చేతద్దంలో అంగిలి చూసుకునేది. మచ్చ పెరిగిందా? పక్కకి పాకిందా?

"ఏటే, అద్దం మింగేత్తావా?" అన్నాడు పైడయ్య.

"నువ్వు వల బాగుసేసుకో. నా నోరు నానే సూసుకుంటాను."

"నీ నోరు ఊరంతా సూత్తానే ఉన్నాది కదే, ఇంకా నువ్వెందుకు?" అని అతను వల భుజాన వేసుకుని పోయాడు. పాపం, ఆపరేషను తారీకు ఆసుపత్రివాళ్ళే మారుస్తున్నారని అతను అనుకుంటున్నాడు.

ఆపరేషను చెయ్యాలన్న ఐదో వారంలో పట్టుబడింది. రెండో సూది వేయించుకుని వచ్చిన వరహాలమ్మ, ఇంట్లో ఉక్కగా ఉందని పందిళ్ళ వైపు నడిచింది. ఎండుచేపల వాసనలో చుట్ట వాసన కలిస్తే ఎవరికీ తెలియదు. వరహాలమ్మకి తెలియకపోవడమేమిటి?

"కాసూ! నోరు తెరు."

కాసులమ్మ తలడ్డంగా ఊపింది. ముక్కుల్లోంచి రెండు పాయలుగా పొగొచ్చింది.

"తెరవే! ఓలమ్మో, దీనికి దెయ్యం పట్టినాదా ఏటి! కోత ఎట్టుకుని సుట్ట కాలుత్తావా?"

కాసులమ్మ చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. "నాకు కోతొద్దు."

"మరేటి కావాలి?"

"నీకిచ్చిందే కావాలి! పచ్చ కార్డు కావాలి. బండి కావాలి. 'అన్నం తిన్నావా అమ్మమ్మా' అని నాకూ ఒక గుంటపిల్ల ఫోన్ సెయ్యాలి. నాది చిన్నదన్నాడు ఆ డాక్టరు. పెద్దది సేసుకుని ఎల్తాను. అప్పుడెలా ఇవ్వడో సూత్తాను!"

వరహాలమ్మ తిడుతుందని చూసింది కాసులమ్మ. తిట్టుకి తిట్టు తన నాలిక మీద సిద్ధంగానే ఉంది. వరహాలమ్మ తిట్టలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడి, ఇసకలో ఆరిపోతున్న చుట్టని చాలాసేపు చూసింది. తర్వాత కాసులమ్మ రెక్క పట్టుకుంది.

"నడు."

"ఎక్కడికి?"

"నడవమన్నానా?"

ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాళ్ళని ఎరిగున్న ఆటో కుర్రాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఇద్దరూ ఎక్కారా లేదా అని.

హిమబిందు కనబడగానే వరహాలమ్మ అంది, "పాపా, మా ఇద్దరి ముక్కలూ దీనికి సూపించు."

"అలా ఒకరివి ఒకరికి చూపించకూడదమ్మమ్మా."

"నాది నాను సూపించమంటన్నాను కదా. దానిది అది సూసుకుంటాది. కాగితం మీద ఏలిముద్ర కావాలా? ఇదిగో నా ఏలు."

హిమబిందు వెళ్ళి డాక్టరుని అడిగి వచ్చింది. ఒకరి చేత వేలిముద్ర, ఒకరి చేత సంతకం పెట్టించుకుని ల్యాబులోకి తీసుకెళ్ళింది. అక్కడ సూక్ష్మదర్శినికి టీవీలాంటి తెర తగిలించి ఉంది. గాజుపలక పెట్టగానే తెర నిండా గులాబీ రంగు, ఊదా రంగు చుక్కలు పరుచుకున్నాయి.

"ఇది నీది, కాసులమ్మా. ఈ ముదురు రంగువి చెడ్డ కణాలు. వరస తప్పి ఎలా గుంపుగా ఉన్నాయో చూడు. కింద సన్నగా గీతలా కనబడుతోందే, అది చర్మానికి అడుగున ఉండే గట్టు. ఇవి ఇంకా గట్టుకి ఇవతలే ఉన్నాయి. గట్టు దాటకపోతే రక్తంలోకి పోలేవు, ఇంకెక్కడికీ పోలేవు. ఆ కాస్త ముక్కా కోసేస్తే కథ ముగుస్తుంది."

కాసులమ్మ తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా జరిగింది. తన ఒంట్లోది తను చూడటం ఎంత వింత! "ఇవేనా దొంగముండలు? ఇంతేసున్నాయా! ఈ గుండ్రంగా ఉన్నవేటి? కాపలావోళ్ళా? మరి ఊరికే నిలబడ్డారేటి?" అని ఊపిరాడకుండా అడిగింది. హిమబిందు ఓపిగ్గా అన్నింటికీ జవాబు చెప్పింది.

తర్వాత పలక మార్చింది. "ఇది వరహాలమ్మగారిది."

ఈసారి తెరంతా ముదురు రంగే. కాసులమ్మ గీత కోసం వెతికింది. కింద వెతికింది, పక్కన వెతికింది.

"గట్టేదమ్మా?"

వరహాలమ్మే చెప్పింది.

"తెగిపోనాదే. ఎప్పుడో తెగిపోనాది. మెడలో గడ్డ కట్టినాది. ఊపిరితిత్తుల్లోకి రెండు సుక్కలెల్లినాయి. కత్తికి అందదన్నారు. అందుకే సూది."

"మరి... ఎంచుకున్నారన్నావు?"

"మరేటనమంటావు? కొయ్యడానికి కూడా పనికిరాదన్నారని సెప్పుకోనా? సెప్తే నువ్వు జాలి పడతావు. నీ కుళ్ళంటే నాకలవాటే, ముప్పై ఎనిమిదేళ్ళు భరించాను. నీ జాలి మాత్రం నానోర్సుకోలేను కాసూ."

హిమబిందు పలకలు తీసి పెట్టెలో సర్దబోయింది. వరహాలమ్మ ఆపింది. "దానిది ఇంకోసారి సూపించవా?"

కాసులమ్మ ముక్క మళ్ళీ తెర మీదికొచ్చింది. వరహాలమ్మ ఆ సన్న గీతని ఈ చివర నించి ఆ చివరిదాకా చూసింది. పెదవులు బిగించి, రెప్ప వెయ్యకుండా. ఆ చూపు కాసులమ్మకి కొత్తది కాదు. తన అద్దంలో ఎన్నిసార్లు చూసుకుందో! ఎదుటివాళ్ళ గంపలోకి చూసే చూపు అది. తనకున్నది చూసి అప్ప ఒక్కసారైనా అలా చూడాలని ముప్పై ఎనిమిదేళ్ళుగా మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అప్ప చూస్తుంటే కాసులమ్మ తెరకి అడ్డంగా జరిగింది. చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టేసుకుంది.

"ఆపెయ్ పాపా, ఆపెయ్ ఆ టీవీ," అంది.

గుణశేఖర్ ఆమె నోరు చూశాడు. చూస్తున్నకొద్దీ మొహం ముడుచుకుంది. "ఎర్రచుక్క పెరిగింది. మళ్ళీ కాల్చావా?"

కాసులమ్మ వేళ్ళు మడిచి చూపించింది. రోజుకి ఎనిమిది.

"నువ్వు తెర మీద చూసింది ఏడు వారాల కిందటి ముక్క. ఇప్పుడు గట్టు ఉందో లేదో కోస్తేగానీ చెప్పలేను."

"అయితే ఇప్పుడే కొయ్యండి బాబూ."

"గురువారం."

ఆ నాలుగు రోజులూ కాసులమ్మ కంచరపాలెం వెళ్ళలేదు. ఆ గీత తెగిందా, ఉందా? నాలిక పైకి పెట్టి అంగిలి తడుముకుంటూ కూర్చునేది, అక్కడేదో తగుల్తుందన్నట్టు. పైడయ్యకి జరిగిందంతా చెప్పేసింది. అతను కోప్పడితే బాగుండేది. వల దారం సూదికి ఎక్కిస్తూ, "ఫ్యాన్లకాడ, కొడుకుల పనులకాడే నీ పోటీ అనుకున్నాను. సావులోనూ పోటీయేనా?" అని గొణిగి, తర్వాత లేచి వెళ్ళి బియ్యం తనే కడిగాడు.

ఆపరేషనయింది. వారం తర్వాత ఫలితం వచ్చింది. ఒక్క చోట, ఒకే ఒక్క చోట, చెడ్డ కణాలు వెంట్రుకవాసి గట్టు దాటాయి. కోసిన అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇంకే వైద్యమూ అక్కర్లేదు గానీ, రెండేళ్ళపాటు రెండు నెలలకోసారి వచ్చి నోరు చూపించుకోవాలి.

ఆ వెంట్రుకవాసి తను చుట్ట కాల్చిన ఆ వారాల్లో దాటిందా, ముందే ఇంకో పక్క దాటి ఉందా అని కాసులమ్మ అడిగింది. ప్లేటు బిగించాక మాట ముక్కులోంచి వస్తుంది. రెండుసార్లు చెబితేగానీ డాక్టరుకి అర్థం కాలేదు.

"ఎవరూ చెప్పలేరమ్మా," అన్నాడు.

ఎవరూ చెప్పలేని ఆ ముల్లు ఆమెలోనే ఉండిపోయింది.

వరహాలమ్మ ఐదో సూదికి ముందు స్కానింగు తీశారు. మెడలో గడ్డ సగానికి తగ్గింది. ఊపిరితిత్తుల్లో ఒక చుక్క చిన్నదయింది. రెండోది అలాగే ఉంది, పెరగలేదు. నయమైందని ఎవరూ అనలేదు. మందు పని చేస్తోందని మాత్రం అన్నారు. నలుగురు డాక్టర్లు ఆ ఫిల్ము చుట్టూ చేరి, తలలు ఊపుకుంటూ వరహాలమ్మ భుజం తట్టారు. ఒకాయన ఆమె చేత ఏదో కాగితం మీద మళ్ళీ వేలిముద్ర వేయించుకున్నాడు. దూరంగా బల్ల మీద కూర్చున్న కాసులమ్మని ఎవరూ పలకరించలేదు. కడుపులో ఎక్కడో పాత మంట చిన్నగా రాజుకుంది. ఎందుకు రాజుకోదు? అలవాటైన పొయ్యి.

సూది ఎక్కించే గదిలో వరహాలమ్మ పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. సీసాలోంచి మందు చుక్క చుక్కగా గొట్టంలోకి దిగుతోంది. కాసులమ్మ కళ్ళు ఆ చుక్కల మీదే ఉన్నాయి.

"ఏటే అలా సూత్తన్నావు?" అంది వరహాలమ్మ కళ్ళు మూసుకునే. "ఇంకా కావాలా నీకు?"

కాసులమ్మ నర్సు వైపు తిరిగి, ముక్కుతో, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "పాపా, ఇది ఎన్నాళ్ళిత్తారు?"

"పని చేసినన్నాళ్ళూ ఇస్తారమ్మా."

"పరిసోదన మద్దెలో అయిపోతేనో?"

"పని చేస్తున్నవాళ్ళకి ఆపరని చెప్పారు."

"సెప్పారంటే కాదు. ఎక్కడ రాసుందో సూపించు," అంది కాసులమ్మ. మూడో తరగతి చదువు బయటికి తీసి, అప్ప పచ్చ కార్డు ఒళ్ళో పెట్టుకుని, వేలుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. నర్సు రెండుసార్లు లేవబోయింది. కాసులమ్మ ఆమె కొంగు వదల్లేదు.